అర గుర్రం శక్తి గల నూకరత్నం

నూకరత్నం మనిషి కాదని మండలివారు తేల్చింది ఆశ్వయుజ మాసంలో ఒక బుధవారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలకి. అంతకు ముందు నలభై ఏడేళ్ళపాటు ఆవిడ మనిషిగానే చలామణి అయింది. రేషన్ కార్డులో అలాగే ఉంది, పెళ్ళి కూడా ఆ నమ్మకం మీదే జరిగింది. ఎవరికీ అనుమానం రాలేదు. రావాలంటే కొలిచే పనిముట్లుండాలి కదా, అవి మండలివారి దగ్గరే ఉన్నాయి.

తునిలో రైలు గేటు దాటి నాలుగడుగులు వేస్తే కుడిచేతి పక్క ఒక పెంకుల షెడ్డు కనిపిస్తుంది. దాని నెత్తిమీద 'నూకరత్నం చేతి కంచాలు' అని బోర్డు. లోపల కాలితో తిప్పే కుమ్మరి సారె ఒకటి, మూడొందల పైచిలుకు కంచాలు పట్టే గ్యాసు బట్టీ ఒకటి, సారెకి ఎదురుగా గోడ మీద వాళ్ళమ్మ గంగమ్మ ఫొటో. పెరట్లో ఆరు కోళ్ళు. మట్టి తొక్కడానికి, బరువులు మొయ్యడానికి, ఆవిడ చెప్పినదానికి ఔననడానికి మొగుడు అప్పలకొండ.

గంగమ్మ కూతురికి పని నేర్పిన పద్ధతి ఒకటే. ఎదురుగా ఒక కుండ పెట్టేది. "దీనికి తోబుట్టువుల్ని చెయ్యి. ఒక్క కడుపున పుట్టినట్టుండాలి" అనేది. వెంట్రుకవాసి తేడా వస్తే ఆ కుండని మళ్ళీ పచ్చిమట్టిలో కలిపేసేది. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు ఆ చాకిరీ చేసి చేసి నూకరత్నం చేతులు ఎలా తయారయ్యాయంటే, ఎదర ఏది పెడితే దానికి తోబుట్టువుల్ని చేసుకుంటూ పోతాయి. ఆవిడని అడగను కూడా అడగవు. పన్నెండు కంచాలు దొంతి పెడితే మధ్య నుంచి కాగితం ముక్క దూరదు. అది ఆవిడ గర్వం. అదే నేరమవుతుందని ఆవిడకి ఎలా తెలుస్తుంది.

కాకినాడలో కేటరింగ్ కంపెనీ నడిపే కాశీభట్ల విశ్వపతిగారు ఈ దొంతి చూసే మనసు పారేసుకున్నారు. కంచాలు కుదురుగా ఉంటే పెట్టెల్లో విరగకుండా పోతాయి, పంక్తిలో చూడ ముచ్చటగా ఉంటాయి, పులుసు పులుసు చోటే ఉంటుంది. కేటరింగు వాడికి ఇంతకన్నా మోక్షం ఏముంది.

"రత్నమ్మా, మూడొందల కంచాలు కావాలి. మండలివారి రాష్ట్ర సదస్సు భోజనం మనకే వచ్చింది" అన్నారాయన, బెల్లపు కొట్టువాడిలా మొహమంతా నవ్వుతో. "వాళ్ళ షరతొక్కటే. కంచం చేత్తో చేసిందై ఉండాలి, అలాగని వాళ్ళే కాయితం ఇవ్వాలి."

"చేత్తో కాక కాళ్ళతో చేస్తామేటండి" అంది నూకరత్నం.

ఆ ఏడు దేశంలో ఎక్కడ చూసినా చేతిపని పిచ్చి. చేతి సబ్బు, చేతి కాగితం, చేతి జంతికలు. జంతికలు ఇదివరకు దేంతో చేసేవారో ఎవరూ అడగలేదు. ఏది చేతిదో ఏది కాదో జనానికి తెలియడం లేదని బాధపడి పెద్దలు 'హస్తజన్య పాత్రా ప్రామాణ్య మండలి' అని ఒకటి పెట్టారు. దానికి భవనం, భవనానికి లిఫ్టు, లిఫ్టుకి మనిషి. ఆ మండలి తరఫున కంచాలు పరీక్షించడానికి దంటు అవధానిగారు గుమస్తా పైడిరాజుతో సహా జీపు దిగారు.

అవధానిగారు సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత నలక్కుండా నడిచే మనిషి. మొక్క ఎక్కడ నాటాలన్నా ముందు రూలు చదివి నాటే రకం. పన్నెండు కంచాలు బల్ల మీద పరిపించి, ఇత్తడి కొలబద్దతో అంచులు కొలిచి, తక్కెట్లో తూచి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"పరిశీలించగా తేలినదేమనగా, ఈ పన్నెండింటికీ పరస్పర భేదము శూన్యము. నిబంధన పద్నాలుగు ప్రకారము హస్తజన్య వస్తువులు రెండు ఒక్కరీతిగా ఉండజాలవు. భేదము లేనిచోట హస్తము లేదు. హస్తము లేనిచోట యంత్రము కలదు. కావున ఇచట యంత్రము కలదు. అది ఎక్కడ?"

"యంత్రమా? ఏటండి బాబూ, నా చేతుల్తోనే చేసేనండి" అంది నూకరత్నం.

"దాచినవారందరూ అట్లే చెప్పుదురు. పైడిరాజూ, వెదకుము."

పైడిరాజు నెమ్మదస్తుడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అంతకు మించి చెయ్యడు, తగ్గించడు. మంచం కింద వెతికాడు, మట్టి గోతిలో కర్ర పెట్టి కెలికాడు, కోళ్ళగూట్లో తలపెట్టి చూశాడు. గూట్లో ఆరు గుడ్లు దొరికాయి. వాటినీ తూచి చూస్తే ఏ రెండూ ఒక్క బరువు లేవు. గుడ్లు హస్తజన్యములేనని కాగితం మీద రాసుకున్నాడు.

యంత్రం మటుకు దొరకలేదు. అవధానిగారు ఆలోచించి, నూకరత్నాన్ని సారె ముందు కూర్చోబెట్టి తమ కళ్ళెదుట మూడు కంచాలు చెయ్యమన్నారు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చూస్తే ఆయనే నమ్ముతాడనుకుంది. అమ్మ ఫొటోకి ఒక దండం పెట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, జన్మలో చెయ్యనంత కుదురుగా చేసింది. ఆయన మూడూ కొలిచారు. కొలబద్ద మూడింటి దగ్గరా ఒకే గీత మీద ఆగింది.

"దొరికినది" అన్నారు అవధానిగారు, నూకరత్నం వైపు చూస్తూ. అప్పుడు గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

పైడిరాజు తొమ్మిదో నంబరు ఫారం తీశాడు. యంత్రాల నమోదు ఫారం అది.

"పేరు బోర్డు మీద ఉంది. తయారైన సంవత్సరం?"

నూకరత్నం మొగుడి వైపు చూసింది. అప్పలకొండ ఆవిడ పుట్టిన సంవత్సరం చెప్పాడు.

"ఎన్ని గుర్రాల శక్తి?"

"గుర్రాలు మాకు తెలీవండి. బండికి కట్టే ఎద్దుల లెక్కలో అయితే, చిరాకు రానప్పుడు అరెద్దు ఉంటాదండి" అన్నాడు అప్పలకొండే.

పైడిరాజు 'అర గుర్రం' అని రాశాడు. గడిలో ఎద్దు పట్టదు. తరవాత 'యం/1/తుని' అని అచ్చు కొట్టిన రేకు బిళ్ళ ఒకటి దారం కట్టి ఆవిడ మెడలో వేశాడు. బయటికెళ్ళి నిచ్చెన వేసుకుని బోర్డు మీద 'చేతి' అన్న మాట మీద తారు పూశాడు. కదిలే భాగాల వల్ల ప్రమాదం లేకుండా సారె చుట్టూ ఇనప జాలీ కట్టించమని, యంత్రం లైసెన్సు ఉన్న ఆపరేటరు లేకుండా నడవరాదని, సాయంత్రం ఆరు తరవాత అసలే నడవరాదని, వారానికొకసారి నూనె పెట్టాలని కాగితాలిచ్చాడు.

"అప్పీలు చేసుకోవచ్చును. ఇరవై యొక్క దినములలో మానవత్వము రుజువు కానిచో మూడు వందల కంచములూ వేరొకరికి పోవును. పొరుగు జిల్లాలో ఒక కర్మాగారము కలదు. వారి కంప్యూటరు ఏ కంచమునకు ఆ కంచమును వేరు వంకరగా పోయును. వాటికి మేము హస్తజన్యమని ప్రథమశ్రేణి ఇచ్చియున్నాము" అని చెప్పి అవధానిగారు జీపెక్కారు.

ఆర్డరు పోతుందన్న దానికంటే నూకరత్నానికి ఆ తారు ఎక్కువ బాధపెట్టింది. బోర్డు కింద నిలబడి చూసింది. 'నూకరత్నం' ఉంది, 'కంచాలు' ఉన్నాయి, మధ్యలో నల్లగా మసి. చెయ్యి తీసేస్తే నా దగ్గర ఇంకేముందిరా భగవంతుడా అనుకుని ఏడ్చింది. అప్పలకొండ పక్కన నిలబడి, ఓదార్చడం రాక, తారు ఎండకి కరుగుతుందేమో చూద్దామన్నాడు.

ఆపరేటరు పదో తరగతి పాసై ఉండాలన్నారు. అప్పలకొండ మూడో దండయాత్రలో పాసైన మనిషి గనక లైసెన్సు వచ్చింది. పాతికేళ్ళ కాపరంలో మొదటిసారి అధికారం చేతికొచ్చేసరికి మొదటి రెండు రోజులూ కొంచెం నిక్కాడు. సాయంత్రం ఆరవగానే జాలీ బయట నిలబడి, "ఆపేస్తన్నా" అన్నాడు.

నూకరత్నం ఆగిపోయింది. వెళ్ళి మంచం మీద వాలింది.

"అన్నం?" అన్నాడు అప్పలకొండ కాసేపటికి.

"ఎవరొండుతారు? యంత్రం ఆపేసేవు కదా. ఆరు దాటేక నడవకూడదని కాయితంలో ఉంది. తప్పితే నీ లైసెన్సు పోతాది."

ఆ పూట నుంచి వంట ఆపరేటరు మీద పడింది. వారానికొకసారి నూనె పెట్టాలన్న రూలు కూడా ఉంది గనక ఆదివారం ఆదివారం ఆవిడ తలకి నువ్వులనూనె అంటి, కుంకుడుకాయలు కొట్టి, నీళ్ళు తోడి, రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత సేవ జరగలేదని నూకరత్నం మనసులో ఒప్పుకుంది. కానీ బోర్డు కేసి చూసినప్పుడల్లా ఆ సుఖం కాస్తా చేదైపోయేది.

ఎలాగైనా మనిషినని రుజువు చేసుకోవాలి. అందుకు రెండు కంచాలు తేడాగా చెయ్యాలి, అంతేగా. ఎంతసేపు, అనుకుంది. కళ్ళు మూసుకుని చేసింది. కంచం చక్కగా వచ్చింది. సారెకి వీపు పెట్టి కూర్చుని చేసింది. అదీ చక్కగానే వచ్చింది. అప్పలకొండని చక్కిలిగింత పెట్టమని చేసింది. నవ్వు వచ్చింది గాని వంకర రాలేదు. చేతులు అమ్మ మాట తప్ప ఇంకెవరి మాటా వినడం లేదు. పదో రోజుకి విశ్వపతిగారే కాకినాడ నుంచి వచ్చి కాళ్ళా వేళ్ళా పడి అవధానిగారిని అప్పీలు విచారణకి తీసుకొచ్చారు.

"అయ్యా, వంకరంటే ఎలాగుండాలో ఒక్కటి చూపించండి. అదెదర పెట్టుకుని చేస్తాను" అంది నూకరత్నం చేతులు జోడించి.

అవధానిగారికి ఈ మాట నచ్చింది. "మానవ హస్తము ఎట్లుండునో మేమే చూపెదము" అన్నారు. చొక్కా చేతులు మడిచి, జాలీ గడియ తీయించి, సారె ముందు కూర్చున్నారు. జీవితంలో మట్టి ముట్టుకున్నది అదే మొదలు. మొదటి ముద్ద గోడకి తగిలింది, రెండోది విశ్వపతిగారి పంచెకి. మూడోది ఎలాగో సారె మీద నిలిచింది. పది నిమిషాలు కుస్తీ పట్టాక ఒక వస్తువు బయటికొచ్చింది. ఎడమ అంచు కిందికి వాలిపోయింది, కుడి అంచు పైకి లేచింది, మధ్యలో బొజ్జ. అలిగి ఒత్తిగిలి పడుకున్న అట్టులా ఉంది.

అవధానిగారు దాన్ని చూస్తూ ఉండిపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన చేత్తో తయారైన వస్తువు అదొక్కటే, మిగతావన్నీ సంతకాలు.

"ఇది ఆదర్శ కంచము" అన్నారు గొంతు సవరించుకుని. "దీని వంటివి మూడు వందలు చేసినచో నీవు మనిషివి. ఆదర్శమునూ, దాని వంటి వానినీ ఒక్క అగ్నిలోనే కాల్చవలెను. మండలి అద్దాల పెట్టెలో ఉంచుటకు ఇది మరల మాకు చేరవలెను. పైడిరాజూ, చీటీ."

పైడిరాజు 'ఆదర్శ నమూనా, ప్రభుత్వ ఆస్తి' అని చీటీ రాసి, కంచం అడుగున జిగురుతో అంటించి, నాలుగు మూలలా లక్క కరగబోసి ముద్రలు కొట్టాడు. నూకరత్నం గాభరాగా ముందుకొచ్చింది.

"బాబూ, కాయితం బట్టీలో నిలబడదండి. లక్కా నిలబడదు. గుర్తుకి మేం అడుగున గోటితో ఒక గీత గీసుకుంటాం. పచ్చిగా ఉన్నప్పుడే గియ్యాలి. గీసెయ్యమంటారా?"

"ప్రభుత్వ ఆస్తి మీద గోరు పెట్టరాదు" అన్నారు అవధానిగారు. "మండలి ముద్ర పడినదానిని ఏ అగ్నియు ముట్టజాలదు."

అది రూల్లో ఉందో, ఆయన నమ్మకమో నూకరత్నానికి తెలియలేదు. చెప్పవలసింది చెప్పింది, ఊరుకుంది.

మర్నాడు ఆ కంచాన్ని ఎదురుగా పీట మీద పెట్టుకుని సారె తిప్పింది. చేతులు ఒకసారి ఆదర్శాన్ని చూశాయి. అంతే. ఎడమ అంచు అదే చోట వాలింది, కుడి అంచు అంతే లేచింది, బొజ్జ అంతే. రెండోది చేసింది. మొదటిదానికి తోబుట్టువు. సాయంత్రానికి యాభై అయ్యాయి, యాభైకీ అదే వాలు, అదే బొజ్జ. ఆవిడకి సిగ్గేసింది. లేచి వెళ్ళి అమ్మ ఫొటోని గోడవైపు తిప్పేసింది.

"వంకరొచ్చింది కదే, ఇంకేం?" అన్నాడు అప్పలకొండ.

"వంకరొచ్చింది గాని తేడా రాలేదు కదయ్యా. మళ్ళీ యంత్రమే అంటాడు."

అన్నీ ఎండాక మూడొందల ఒకటీ బట్టీకెక్కించారు. రెండు రోజులకి చల్లారిన బట్టీ తలుపు తీసి చూస్తే, నూకరత్నం చెప్పినట్టే చీటీ లేదు, లక్క లేదు, చిటికెడు బూడిద కూడా లేదు. మూడొందల ఒక్క వంకర కంచాలూ కుదురుగా దొంతుల్లో కూర్చున్నాయి. అప్పలకొండ, ప్రభుత్వ ఆస్తి పోగొట్టిన ఆపరేటరుకి ఏ శిక్షో కాగితాలన్నీ తిరగేశాడు.

నూకరత్నం ఎప్పటిలాగే ఒక్కొక్క కంచం తీసి వేలి కణుపుతో కొట్టి చూస్తూ కింద పెట్టింది. సంతలో కుండ కొనే ఏ ఆడమనిషైనా చేసే పనే అది. మంచిది ఖంగుమంటుంది, లోపల గాలి బుడగలుంటే మూలుగుతుంది. నూటా ఎనభై ఆరు కంచాలు ఖంగుమన్నాయి. నూటా ఎనభై ఏడోది 'దప్' అంది. ఆవిడ దాన్ని మళ్ళీ కొట్టింది. మళ్ళీ 'దప్'.

"ఇదే ఆయనది" అంది.

"అమ్మయ్య. పక్కన పెట్టి రేపు ఇచ్చేద్దాం."

నూకరత్నం ఆ కంచాన్ని చేతిలో పట్టుకుని కొంచెంసేపు బయటికి, తారు బోర్డు వైపు చూసింది. "అడిగితే చెప్తాను. అడక్కపోయినా కొట్టి చూడమని చెప్తాను. ఆపైన ఆయనిష్టం" అని దాన్ని దొంతిలో దాని చోటే పెట్టేసింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే అవధానిగారు వెల్వెట్ గుడ్డ పరిచిన పెట్టె పైడిరాజు నెత్తిన పెట్టించి దిగారు. వెనకాలే విశ్వపతిగారు, మొహాన నెత్తురు చుక్క లేకుండా. ఆ సాయంత్రంలోగా కాగితం రాకపోతే కంచాలు పొరుగు జిల్లావి తెప్పించాలి. ఏ కంచానికి ఆ వంకర అయితే పెట్టెలో ఒక్క దొంతి కుదరదు, పాతిక మైళ్ళ ప్రయాణంలో సగం ముక్కలవుతాయి.

"ఆదర్శ కంచము ఏది?"

"ఇందులోనే ఉందండి."

"చీటీ?"

"కాలిపోయిందండి. అప్పుడే చెప్పేనండి."

అవధానిగారు అదేం విననట్టు కొలబద్ద తీశారు. మూడొందల ఒకటీ కొలిచేసరికి మధ్యాహ్నం రెండయింది. ప్రతి కంచం దగ్గరా కొలబద్ద ఒకే గీత మీద ఆగుతుంటే ఆయన మొహం వికసిస్తూ వచ్చింది.

"రాయుము" అన్నారు. "పరస్పర భేదము శూన్యము. ఈ మూడు వందల ఒక్క కంచమూ యంత్రజన్యములని ఇందుమూలముగా..."

పైడిరాజు కలం ఆగింది. "సార్, మూడు వందల ఒకటిలో ఒకటి తమరిది."

"దానిని మినహాయించి రాయుము."

"ఏదని రాయమంటారు సార్? వేలు పెట్టి చూపిస్తే మినహాయిస్తాను."

అవధానిగారు దొంతుల వైపు నడిచారు. ఒకటి తీశారు, చూశారు, పెట్టేశారు. ఇంకొకటి తీసి ఎడమ అంచు నిమిరారు. ఇంకొకటి ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. కన్న బిడ్డని పోల్చుకోలేని తండ్రి కష్టం అది, చూసేవాళ్ళకి జాలేసింది.

"బాబూ, వేలితో కొట్టి చూడండి. ఇట్టే తెలిసిపోతాది" అంది నూకరత్నం.

"ప్రభుత్వ ఆస్తిని కొట్టరాదు" అన్నారాయన, నీరసంగానే అయినా స్పష్టంగా.

పైడిరాజు సంచీలోంచి ఇంకో తొమ్మిదో నంబరు ఫారం తీసి దుమ్ము ఊదాడు. అతని మనసులో ఏ దురుద్దేశమూ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

"అన్నీ యంత్రానివే అన్నారు గనక తమరికీ ఒకటి రాయాలి సార్. పేరు దంటు అవధానిగారు. ఎన్ని గుర్రాలు రాయమంటారు?"

పెరట్లో కోడి కొక్కొరొకోమంది.

"ఆఫీసులో తమరి కుర్చీ చుట్టూ జాలీ కట్టించాలి. ఆరు దాటాక నడవకూడదు. ఆపరేటరు ఒకరు కావాలి" అని పైడిరాజు కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు. "అమ్మగారు టెన్త్ పాసయ్యారా సార్?"

"పాసయ్యే ఉంటారు" అన్నారు విశ్వపతిగారు, ఎంతో ఆదుర్దా నటిస్తూ. "చదువుకున్న కుటుంబం."

అవధానిగారు స్టూలు మీద కూర్చున్నారు. మంచినీళ్ళడిగి తాగారు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. మూడోసారి పెట్టుకున్నాక గొంతు స్థిరపడింది.

"ఆ కాగితము చింపి మరల రాయుము. పైకి భేదము కానరాకపోయిననూ, ఈ కంచములయందు ఆంతరంగిక భిన్నత్వము కలదు. అది కొలబద్దకు అందదు, అనుభవజ్ఞులకు మాత్రమే గోచరించును. మాకు గోచరించినది. కావున మూడు వందల ఒకటియు హస్తజన్యములు. సదరు నూకరత్నము మనిషి."

"ఎప్పటిదాకా సార్?"

"మూడు సంవత్సరములు. పిదప పునరుద్ధరించుకొనవలెను."

కాగితం మీద ముద్ర పడింది. అవధానిగారు దొంతి పైనుంచి ఒక కంచం తీసి వెల్వెట్ మీద పెట్టబోయారు. నూకరత్నం ఉండబట్టలేక, "బాబూ, అది తవరిది కాదేమోనండి, ఒక్కసారి కొట్టి..." అంది.

"మా చేతి పని మాకు తెలియదా?" అని ఆయన పెట్టె మూశారు.

జీపు మలుపు తిరగ్గానే అప్పలకొండ కిరసనాయిలు గుడ్డతో నిచ్చెనెక్కాడు. తారు గీకి గీకి 'చేతి' బయటికి తీశాడు. మాట కొంచెం మసకబారింది గాని చదవడానికి వస్తోంది. నూకరత్నం మెడలో రేకు బిళ్ళ తీసి మేకుకి తగిలించి, అమ్మ ఫొటోని మళ్ళీ ఇటు తిప్పింది.

సదస్సు భోజనం గొప్పగా జరిగింది. కంచాలన్నీ ఒక్క కడుపున పుట్టినవి గనక పెట్టెల్లో కుదురుగా కూర్చుని ఒక్కటి విరగకుండా చేరాయి. వరస అందంగా ఉండాలని విశ్వపతిగారి మనుషులు మూడొందల కంచాలూ వాలు ఎడమవైపు ఉండేలా సర్దారు. పనసపొట్టు కూర, పులిహోర దాకా బాగానే ఉంది. చారు వడ్డించగానే ఎవరి చారు వాళ్ళ ఎడమపక్క మనిషి ఒళ్ళోకి నడిచింది. వరస చివర కూర్చున్న అధ్యక్షులవారికి ఎడమపక్క ఎవరూ లేరు గనక ఆయన చారు నేలపాలయింది, కుడిపక్కాయనది మాత్రం ఆయన పంచెకి చేరింది. అధ్యక్షులవారు లేచారు. విశ్వపతిగారు స్తంభం చాటుకి వెళ్ళి దేవుళ్ళకి మొక్కుకున్నారు.

"యంత్రపు కంచములో ఈ ఆత్మీయత కలదా?" అన్నారు అధ్యక్షులవారు తడిసిన పంచెతోనే. "ఒకరి చారు ఒకరికి చేరుటయే మన సంస్కృతి." చప్పట్లు చాలాసేపు మోగాయి. వారం తిరక్కుండా జిల్లా అంతా అదే వంకర కావాలంది.

నూకరత్నం మనిషై మూడు నెలలైంది. రోజూ వంకర కంచాలే. చేతులు చేస్తున్నాయి గాని ఆవిడకి అన్నం సహించడం లేదు. ఆదివారం తలంటు మాత్రం ఆగలేదు, అప్పలకొండకి అలవాటైపోయింది.

ఒకరోజు పొద్దున్న షెడ్డు ముందు ఆటో ఆగి, జరీ అంచు నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ దిగింది. బోర్డు చదువుకుని లోపలికొచ్చింది. పెరట్లో కోళ్ళు నీళ్ళు తాగుతున్న కంచం ఆవిడ కంట పడింది. వంగి వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూసింది. 'దప్' అంది.

"ఇదెవరు చేశారమ్మా, మరీ ఇంత అధ్వాన్నంగా?"

"పెద్దవాళ్ళ చేతి పనండి అది. సదస్సు ఆర్డరులో దాని బదులు ఇంకోటి చేసిచ్చి, దీన్ని ఊరికే అలా ఉంచేం" అంది నూకరత్నం.

"నేను దంటు అవధానిగారి భార్యని, లలితాంబ అంటారు" అని ఆవిడ పీట మీద కూర్చుంది. "నీ వంకర కంచాలు మావారు అరడజను తెచ్చారు. రోజూ పులుసు ఒళ్ళో పోసుకుంటున్నారు. ఉతకలేక చస్తున్నాననుకో. మాకు ఆదర్శాలు వద్దు తల్లీ, ఇంట్లో అన్నం తినేవాళ్ళున్నారు. తిన్ననివి ఆరు చేసి పెట్టు. ఆరూ ఒక్కలాగే ఉండాలి సుమా, తేడాలొస్తే నేనొప్పుకోను."

నూకరత్నం చెయ్యి సారె మీద ఆగిపోయింది. నెమ్మదిగా అడిగింది. "తిన్ననివి, అన్నీ ఒక్కలాగున్నవి అంటే యంత్రం చేసినవేనంటారు కదండి మీవారు?"

"అంటే అననీ. నీ దగ్గర ఆ యంత్రం ఉందా లేదా, అది చెప్పు."

"ఉందండి" అంది నూకరత్నం. లేచి మేకుకి వేలాడుతున్న రేకు బిళ్ళ తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, మెడలో వేసుకుని సారె ముందు కూర్చుంది.